చేతిలో తిమ్మిరి, మెడ కింద ఇరుకు: ఆపరేషను ఎవరికి? ఫలితం ఎంత?

"డాక్టరుగారూ! నా వయసు 34. ఇంటి దగ్గరే మిషను కుడుతూ వుంటాను. ఏడాదిగా కుడిచెయ్యి చంక దగ్గర నుంచి చిటికెన వేలి దాకా లాగేస్తున్నది. జడ వేసుకుందామని చెయ్యి పైకెత్తితే తిమ్మిరెక్కి బరువుగా వాలిపోతున్నది. రాత్రిళ్ళు ఆ పక్కకి తిరిగి పడుకోలేను. మెడ ఎముకలు అరిగాయని ఒకరు మెడకి పట్టీ వేయించారు. వాతమని మరొకరు మాత్రలిచ్చారు. ఇప్పుడు ఎక్సురే తీసి, మెడలో ఒక ఎముక ఎక్కువగా వున్నదనీ, ఆపరేషను చేసి తీసెయ్యాలనీ అంటున్నారు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆపరేషను చేయిస్తే చెయ్యి బాగవుతుందా? వున్నది కాస్తా పోతుందా?"

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఆమె అడిగిన ప్రశ్న చాలా మందికి పనికివచ్చేది గనుక ఈ వారం దీని గురించే వివరంగా చెప్పుకుందాం. ఈ జబ్బుని డాక్టర్లు "థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్" అంటారు. పేరు పెద్దది గాని విషయం అర్థం కానిదేమీ కాదు.

ఆ ఇరుకు సందు ఎక్కడ వుంటుంది?

మెడకీ భుజానికీ మధ్య, కాలర్ బోన్‌కి కొంచెం పైన వేలుపెట్టి చూసుకోండి. చిన్న గుంట తగులుతుంది. చేతికి వెళ్ళవలసిన నరాలూ రక్తనాళాలూ అన్నీ ఆ గుంట లోపలి నుంచే వెళతాయి. మెడ దగ్గర వెన్నుపాము నుంచి 5 నరాల వేళ్ళు బయలుదేరి, జడ అల్లినట్టు అల్లుకుని, చేతిలోకి దిగుతాయి. వాటితోపాటు చేతికి మంచి రక్తం తీసుకువెళ్ళే ధమని కూడా వుంటుంది. ఇవి రెండూ స్కేలీన్ కండరాలనే రెండు కండరాల మధ్య సందులోంచి పోతాయి. ఆ సందుకి అటొక గోడ, ఇటొక గోడ ఆ కండరాలు. నేల మొదటి పక్కటెముక. చెడు రక్తాన్ని గుండెకి తిరిగి తెచ్చే సిర మాత్రం ముందు కండరానికి ఇవతలగా, కాలర్ బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య నుంచి వస్తుంది.

పుట్టుకతోనే ఈ సందు కొందరిలో ఇరుకుగా వుంటుంది. నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువగానో, మెడలోని ఆఖరి వెన్నుపూస నుంచి ఒక అదనపు పక్కటెముక మొలుస్తుంది. దీనినే "సర్వైకల్ రిబ్" అంటారు. ఆడవారిలో ఇది కాస్త ఎక్కువ. కొందరిలో ఎముకకు బదులు గట్టి నారవంటి పట్టీ వుంటుంది. అది ఎక్సురేలో కనబడదు. మరికొందరిలో మెడకి దెబ్బ తగిలిన తర్వాత కండరాలు బిగుసుకుపోయి సందుని ఇరుకు చేస్తాయి. స్కూటరు వెనకనుంచి బండి గుద్దినప్పుడు మెడ ఒక్కసారిగా ఊగడం ఇందుకొక ఉదాహరణ. కాలర్ బోన్ విరిగి వంకరగా అతుక్కున్నా ఇంతే.

ఇరుకు ఒక్కటే చాలదు. దానికి పని తోడవుతుంది. గోడలకి సున్నాలు, రంగులు వేసేవారు, రోజంతా నల్లబల్ల మీద రాసే టీచర్లు, తల వంచుకుని మిషను కుట్టేవారు, భుజాన బరువులు మోసేవారు, జిమ్‌లో తలపైకి బరువులెత్తే కుర్రవాళ్ళు, బంతి విసిరే ఆటగాళ్ళు, భుజాలు ముందుకి వాల్చి గంటల తరబడి కంప్యూటరు ముందు కూర్చునేవారు ఇలాంటి బాధతో మా దగ్గరికి వస్తూ వుంటారు.

ఒక పేరు, మూడు జబ్బులు

సందులో ఏది నలిగితే ఆ బాధ వస్తుంది. అందువల్ల దీనిలో మూడు రకాలున్నాయి. ఆపరేషను అవసరమా, ఫలితం ఎలా వుంటుంది అన్నది పూర్తిగా ఈ రకాన్నిబట్టే వుంటుంది. కాబట్టి మీ డాక్టరుని మొదట అడగవలసిన ప్రశ్న: "నాకున్నది ఏ రకం?"

మొదటిది నరాలు నలగడం. నూటికి 90 మందికి పైగా ఈ రకమే. నరాల అల్లికలో అట్టడుగున వుండే వేళ్ళు పక్కటెముక మీదుగా పోతాయి గనుక ముందు అవే నలుగుతాయి. అవి చిటికెన వేలికి, ఉంగరం వేలికి, ముంజేయి లోపలి భాగానికి సంబంధించినవి. అందుకే తిమ్మిరి ఆ వేళ్ళలో ఎక్కువ. చెయ్యి పైకెత్తి బట్టలు దండెం మీద ఆరవేసినా, బస్సులో పై కడ్డీ పట్టుకుని నిలబడినా బాధ పెరుగుతుంది. వీరిలో చాలా కొద్దిమందికి మాత్రం అరచేతి కండరాలు, ముఖ్యంగా బొటనవేలి మొదట్లో వుండే ఉబ్బెత్తు కండ, కరిగి చదునైపోతుంది. గుండీ పెట్టుకోవడం, తాళం తిప్పడం కష్టమవుతుంది. ఇది అశ్రద్ధ చేయకూడని గుర్తు.

రెండవది సిర నలగడం. నూటికి నలుగురైదుగురిలో వుంటుంది. ఎక్కువగా వయసులో వున్న ఆరోగ్యవంతులకే వస్తుంది. బరువు పనిచేసిన మర్నాడు చెయ్యి మొత్తం వాచి, నీలిరంగు తిరిగి, భుజం మీద సిరలు ఉబ్బి కనబడతాయి. లోపల రక్తం గడ్డకట్టిందన్నమాట.

మూడవది ధమని నలగడం. నూటికి ఒకరు. వీరిలో దాదాపు ఎప్పుడూ సర్వైకల్ రిబ్ గాని, మరో ఎముక లోపం గాని వుంటుంది. చెయ్యి పాలిపోయి చల్లబడుతుంది. వేళ్ళ కొసలు నల్లబడతాయి. ఎముక ఒరిపిడికి ధమని గోడ దెబ్బతిని బుడగలా ఉబ్బుతుంది. దానిలో కట్టిన రక్తపు గడ్డల ముక్కలు జారి వేళ్ళలోకి పోతాయి. ఒక్కొక్కప్పుడు మెదడుకి కూడా పోవచ్చు. అమెరికాలో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు బేస్‌బాల్ ఆటగాడు జె. ఆర్. రిచర్డ్ 1980లో తన చెయ్యి మొద్దుబారుతున్నదని పదేపదే చెప్పుకున్నాడు. సాకులు చెబుతున్నాడని చాలామంది అనుకున్నారు. ఆ సంవత్సరం జూలై 30న సాధన చేస్తూ పక్షవాతంతో కుప్పకూలిపోయాడు. మళ్ళీ పెద్ద జట్టులో ఆడలేకపోయాడు. "చెయ్యి లాగుతున్నది" అన్నవారిని బద్ధకస్తులని కొట్టిపారేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇదేనని ఎలా తెలుస్తుంది?

ఒక్క పరీక్షతో తేలే జబ్బు కాదిది. మణికట్టు పట్టుకుని, మెడ తిప్పించి, నాడి ఆగుతున్నదా అని చూసే పరీక్ష ఒకటున్నది. కాని ఏ జబ్బూ లేని ఎందరికో కూడా అలా నాడి ఆగుతుంది. కాబట్టి అదొక్కటే చూసి నిర్ణయించకూడదు. రెండు చేతులూ భుజాల ఎత్తున వుంచి, మోచేతులు వంచి, 3 నిమిషాలపాటు గుప్పిళ్ళు మూస్తూ తెరుస్తూ వుండమంటాం. ఈ జబ్బున్నవారికి మూడు నిమిషాలూ నిలబెట్టడం కష్టం. మెడ, ఛాతీ ఎక్సురేలు, నరాల్లో విద్యుత్తు వేగం చూసే పరీక్ష, రక్తనాళాలకి డాప్లర్, అవసరమైతే ఎమ్మారై లేక సీటీ చేయిస్తాం. కొన్ని చోట్ల స్కేలీన్ కండరంలోకి మత్తుమందు ఇంజక్షను ఇచ్చి చూస్తారు. దానితో కొన్ని గంటలు బాధ తగ్గితే ఆపరేషనుతో కూడా తగ్గే అవకాశం బాగా వున్నదని అర్థం.

ఇంతకన్నా ముఖ్యం, ఇదే బాధ కలిగించే ఇతర జబ్బులు లేవని తేల్చుకోవడం. మెడ వెన్నుపూసల మధ్య డిస్కు జారినా, మణికట్టు దగ్గర నరం నలిగినా, మోచేతి దగ్గర నరం నలిగినా తిమ్మిరి వస్తుంది. మన దేశంలో కుష్ఠువ్యాధిని మరచిపోకూడదు. మోచేతి వెనక నరం తాడులా ఉబ్బి, చిటికెన వేలు మొద్దుబారి, అరచేతి కండ కరిగితే ముందు దానికోసం చూడాలి. దానికి మందులు ఉచితంగా దొరుకుతాయి. వయసు మళ్ళిన పొగతాగేవారికి భుజంలో, చేతిలో తీరని నొప్పి వుంటే ఊపిరితిత్తి పైకొసన కాన్సరు వున్నదేమో చూడాలి. ఎడమచెయ్యి లాగుతూ ఆయాసం, చెమటలు వస్తుంటే అది గుండెనొప్పి కావచ్చు. ఇవేవీ చూడకుండా ఎక్సురేలో ఎముక కనబడింది కదా అని కత్తి పట్టడం తగదు.

ఆపరేషను కథ

ఈ ఆపరేషను నిన్న మొన్నటిది కాదు. 1861లోనే లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో హోమ్స్ కూట్ అనే సర్జన్ మెడలోని అదనపు ఎముకను తొలగించాడు. 1927లో అమెరికాలో ఆడ్సన్, కాఫీ అనే డాక్టర్లు ఎముక జోలికి పోకుండా ముందు స్కేలీన్ కండరాన్ని మాత్రం కోస్తే చాలన్నారు. సులువైన పని గనుక అది బాగా వ్యాప్తిలోకి వచ్చింది. కాని చాలా మందికి బాధ తిరిగి వచ్చింది. థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అనే పేరు 1956లో పెట్టారు. 1962లో క్లాగెట్, గోడలు కోసి నేలను వదిలేస్తే లాభం లేదని, మొదటి పక్కటెముకనే తీసెయ్యాలని చెప్పాడు. 1966లో డేవిడ్ రూస్ చంకలో నుంచి ఆ ఎముకను తీసే పద్ధతిని వివరించాడు. ఇప్పటికీ ఎక్కువగా చేస్తున్నవి రెండే దారులు: ఒకటి ఆ చంక దారి, రెండవది కాలర్ బోన్ పైనుంచి చేసే దారి. చంక దారిలో మచ్చ కనబడదు. పైదారిలో నరాలు, ధమని కంటికి బాగా కనబడతాయి. ఈ మధ్య కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఛాతీలోకి కెమెరా పంపి కూడా చేస్తున్నారు. ఏ దారి అన్నది సర్జన్ అలవాటునిబట్టి, మీ జబ్బు రకాన్నిబట్టి వుంటుంది.

పూర్తి మత్తులో చేసే ఆపరేషను ఇది. మొదటి పక్కటెముక లేకపోతే ఛాతీ కూలిపోతుందేమో, చెయ్యి పడిపోతుందేమో అని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కరలేదు. ఆ ఎముక లేకపోయినా ఊపిరికి, చేతికి లోటు రాదు. సాధారణంగా కొద్దిరోజుల్లోనే ఇంటికి పంపుతారు. చెయ్యి త్వరలోనే మెల్లగా కదిలించమంటారు. బరువులు మాత్రం కొన్ని నెలలపాటు ఎత్తకూడదు.

ఫలితాలు: ఉన్నదున్నట్టు

సిర రకంలో ఫలితం బాగుంటుంది. చెయ్యి వాచిన మొదటి రెండు వారాల లోపల వస్తే, సన్నని గొట్టం ద్వారా మందు పంపి గడ్డని కరిగించి, తర్వాత పక్కటెముక తీసేస్తారు. ఇలా సకాలంలో వైద్యం అందినవారిలో నూటికి 90 మంది వరకు మామూలు పనుల్లోకి వెళ్ళగలుగుతున్నారు. ఆలస్యమైతే గడ్డ గట్టిపడిపోయి కరగదు.

ధమని రకంలో ఆపరేషను తప్పదు. వ్యాయామాలతో కాలయాపన చేయకూడదు. అదనపు ఎముకను తీసి, చెడిపోయిన ధమని భాగాన్ని బాగుచేసి, అవసరమైతే ముక్క మారుస్తారు. వేళ్ళు కుళ్ళక ముందు వస్తే చెయ్యి నిలుస్తుంది.

నరాల రకంలో కండ కరిగినవారి సంగతి వేరు. ఆపరేషనుతో నొప్పి, తిమ్మిరి చాలావరకు తగ్గుతాయి. జబ్బు ముదరడం ఆగుతుంది. కాని పోయిన కండ తిరిగి రావడం అరుదు. అందుకే బొటనవేలి కండ చదునవుతున్నదని తోచగానే రావాలి. వచ్చే ఏడు చూద్దామంటే ఆ ఏడాదిలో పోయిన బలం ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

ఇక నొప్పీ తిమ్మిరీ మాత్రమే వుండి, కండ బాగానే వున్నవారు. అందరికన్నా ఎక్కువమంది వీరే. నిర్ణయం కష్టమయ్యేది కూడా వీరి విషయంలోనే. సర్జన్లు ప్రచురించిన లెక్కలు చూస్తే మొదట్లో నూటికి 70 నుంచి 90 మందికి మెరుగైనట్టు కనబడుతుంది. సంవత్సరాలు గడిచినకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది. కొందరికి బాధ తిరగబెడుతుంది. అది ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పనిలో గాయపడి ఈ ఆపరేషను చేయించుకున్న కార్మికులను పరిశీలిస్తే, ఏడాది గడిచినా నూటికి 60 మంది పనికి పోలేని స్థితిలోనే వున్నారని 2000 సంవత్సరంలో ప్రచురించారు. మరోవైపు 2022లో నెదర్లాండ్స్‌లో 50 మంది రోగులను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి చూశారు. వ్యాయామాలతో ముందే లాభం పొందనివారు వీరంతా. ఆపరేషను అయినవారు 3 నెలలకి రెండవ జట్టు కంటే బాగున్నారు. ఈ రెండిటిలో ఏది నిజం? రెండూ నిజమే. సరైన రోగిని ఎంచుకుంటే ఆపరేషను మేలు చేస్తుంది. ఎంచుకోకుండా చేస్తే చెయ్యదు.

బాధ మొదలై ఎక్కువకాలం కానివారికి, వయసులో వున్నవారికి, పరీక్ష ఇంజక్షనుతో ఉపశమనం కలిగినవారికి ఫలితం బాగుంటుంది. ఏళ్ళ తరబడి బాధపడుతున్నవారికి, పొగతాగేవారికి, దిగులుతో కుంగిపోయినవారికి, మత్తుమాత్రలకు అలవాటుపడ్డవారికి, మెడలోనో మణికట్టులోనో మరో చోట కూడా నరం నలిగినవారికి అంత బాగుండదు.

ప్రమాదాలు కూడా చెప్పుకోవాలి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, చంక కింద చేతి లోపలి వైపు కొంత మొద్దుబారడం, ఊపిరి పీల్పించే నరం నలగడం, రెక్క ఎముక వెనక్కి పొడుచుకురావడం వంటివి కొందరిలో వస్తాయి. చాలావరకు సర్దుకుంటాయి. పెద్ద రక్తనాళం తెగడం, చేతి నరాలు శాశ్వతంగా దెబ్బతినడం అరుదు. కాని వుంటే చిన్నవి కావు. కాబట్టి ఈ ఆపరేషను తరచుగా చేసే చోటనే చేయించుకోవాలి. "మీరు ఇలాంటివి ఎన్ని చేశారు?" అని సర్జన్‌ని అడగడంలో తప్పులేదు.

తెనాలి సోదరికి నా సలహా

అమ్మా! ఎక్సురేలో ఎముక కనబడినంత మాత్రాన ఆపరేషను అవసరమని కాదు. ఆ ఎముక మీకు పుట్టినప్పటినుంచీ వున్నది. బాధ ఏడాది నుంచే. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి మొదట కండ ఒకేలా వున్నదా అని చూసుకోండి. తేడా వున్నా, పట్టు తప్పి కత్తెర జారిపోతున్నా ఈ వారంలోనే పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకి చూపించుకోండి. అలాగే చెయ్యి చల్లబడి పాలిపోతున్నా ఆగవద్దు. అదనపు ఎముక వున్నవారు రక్తనాళాలకి డాప్లరు ఒకసారి చేయించుకోవడం మంచిది.

అవేవీ లేకపోతే 3 నుంచి 6 నెలలు శ్రద్ధగా వ్యాయామం చెయ్యండి. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయడం మేలు. భుజాలు వెనక్కి లాగి రెక్క ఎముకలు దగ్గరగా చేర్చడం, మెడని మెల్లగా రెండవ పక్కకి వంచి కండరం సాగదీయడం, గుమ్మం రెండు వైపులా చేతులానించి ఛాతీ ముందుకి వంచడం, పొట్టతో ఊపిరి పీల్చడం. ఏ వ్యాయామంతో తిమ్మిరి పెరిగితే అది మానెయ్యండి. మిషను కుర్చీ కాస్త ఎత్తు చేసుకోండి. అరగంటకొకసారి లేవండి. నీళ్ళ బిందె, సంచి ఆ భుజాన వేయకండి. ఎత్తు దిండు తీసెయ్యండి. చాలామందికి దీనితోనే కుదుటపడుతుంది. ఆరు నెలలు నిజంగా చేసి కూడా రాత్రి నిద్ర, పగలు పని సాగకపోతే అప్పుడు ఆపరేషను గురించి ఆలోచించండి. చేసే ముందు మరొక సర్జన్ అభిప్రాయం తీసుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకాల కార్డు వుంటే, మీ ఆపరేషనుకి వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ముందుగానే అడగండి.

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్ళు. దగ్గుకి ఛాతీ ఎక్సురే తీస్తే సర్వైకల్ రిబ్ వున్నదన్నారు. బాధ ఏమీ లేదు. పెళ్ళికి ముందే తీయించెయ్యమని బంధువులంటున్నారు. (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: తీయించకండి. ఇలాంటి ఎముక వున్నవారిలో చాలామందికి జీవితాంతం ఏ బాధా రాదు. ఇది అంటువ్యాధి కాదు. కాపురానికి గాని, కాన్పుకి గాని అడ్డు రాదు. చెయ్యి చల్లబడటం, తిమ్మిరి, బలం తగ్గడం ఎప్పుడైనా వస్తే చూపించండి. అంతవరకు ఆ ఎక్సురేని బీరువాలో పెట్టి, అమ్మాయిని చదువుకోనివ్వండి.

ప్రశ్న: జిమ్‌కి వెళ్ళివచ్చిన మర్నాడు నుంచి కుడిచెయ్యి వాచి నీలంగా వున్నది. నొప్పి పెద్దగా లేదు. కండ పట్టుకున్నదని నూనె మర్దన చేయిస్తున్నాను. వయసు 22. (ఒక విద్యార్థి, కర్నూలు)

జవాబు: మర్దన వెంటనే ఆపండి. సిరలో రక్తం గడ్డకట్టి వుండవచ్చు. గడ్డ ముక్క ఊపిరితిత్తికి పోయే ప్రమాదం కూడా వున్నది. ఈ పత్రిక చూడగానే, రేపటిదాకా ఆగకుండా, డాప్లర్ పరీక్ష వున్న ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళేదాకా ఆ చేతితో బరువు ఎత్తవద్దు.

ప్రశ్న: ఈ ఆపరేషను అయి 14 నెలలైంది. 8 నెలలు హాయిగా వున్నాను. మళ్ళీ లాగడం మొదలైంది. రెండవసారి కోయాలంటున్నారు. (ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

జవాబు: తొందరపడకండి. లోపల మచ్చ కణజాలం నరాలని పట్టుకున్నా, పక్కటెముక ముక్క మిగిలిపోయినా ఇలా జరుగుతుంది. మెడ డిస్కు, మణికట్టు నరం సంగతి కూడా మళ్ళీ చూడాలి. రెండవ ఆపరేషనులో ప్రమాదం మొదటిదానికన్నా ఎక్కువ, లాభం తక్కువ. ముందు వ్యాయామాలు మళ్ళీ మొదలుపెట్టండి. నల్లబల్ల మీద పైవరసలో రాయడం మానండి. పాత ఆపరేషను కాగితాలు, ఎక్సురేలు పారెయ్యకుండా వెంట తీసుకువెళ్ళండి. ఎంత ఎముక తీశారో అందులో రాసి వుంటుంది. రెండవ డాక్టరు మొదట చూడవలసింది అదే.